మూడు చక్రాల ప్రదక్షిణ

టిక్కెట్టు లేకుండా సముద్రం దాటిన స్వామికి, వృద్ధుల రాయితీ టిక్కెట్టుతో సరస్సు దాటినవాని నమస్కారం. ఆయన వాలాగ్రాన వెలిగిన నిప్పు ఈ వాక్యాల మీద కూడా ఒక నిమిషం నిలిచి, వీటిలోని అతిశయోక్తులను దహించి, నిజాన్ని మిగుల్చుగాక. స్వస్తిశ్రీ చాంద్రమాన విరోధి నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్ష ఋతువు, శ్రావణ శుద్ధ ఏకాదశి, స్థిరవారం. మిషిగన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, హ్యూరన్ సరస్సులో ఉన్న మాకినా ద్వీపానికి మేము ముగ్గురం, స్వామితో కలిపి నలుగురం, ఫెర్రీలో వెళ్లి వచ్చిన దినం అది.

ఆ ద్వీపంలో కార్లు లేవు. నూరేళ్లకు పైబడిన నిషేధం. గుర్రపు బండి, సైకిలు, కాలినడక, ఈ మూడే అక్కడి గతులు. నీటి ఒడ్డునే ద్వీపాన్ని చుట్టి వచ్చే రోడ్డు ఒకటి ఉంది. బయలుదేరిన చోటికే మనిషిని తిరిగి తెచ్చి దింపే ఆ రోడ్డు పొడవు ఎనిమిది మైళ్ల చిల్లర. ఆ ఎనిమిదీ, ఆ చిల్లరా మా ఇంట్లో ఒక వేసవి అంతా మారుమోగాయి. కారణం నా భార్య ఎడమ మోకాలు.

అంతకు ముందు ఏడాది మాఘమాసంలో ఆ మోకాలి కీలు మార్చారు. మత్తుమందు ఎక్కే ముందు ఆమె మా ఆలయంలోని ఆంజనేయస్వామికి మొక్కుకొంది. మోకాలు మళ్లీ వంగితే నూట ఎనిమిది ప్రదక్షిణలు, అన్నీ ఒకే దినంలో. మోకాలు బుద్ధిగా వంగింది. మొక్కు మాత్రం వంగలేదు. మా ఆలయంలో గర్భాలయాలన్నిటినీ కలిపి చుట్టివచ్చే నడవకు నాలుగు మూలలు. నేల నల్లరాయి. పాదాలకు చెప్పులుండవు. నూట ఎనిమిది చుట్లంటే నాలుగు వందల ముప్ఫైరెండు మలుపులు. రెండుసార్లు పూనుకొంది. రెండుసార్లూ ఇరవయ్యో చుట్టుకే మోకాలు బూరెలా పొంగింది. ఆమెకు వ్యాయామం నేర్పే అమ్మాయి కోప్పడింది. ఇలా మలుపులు తిరగడం కూడదని, సైకిలు తొక్కితే మాత్రం ఎంత తొక్కినా మంచిదేనని తేల్చి చెప్పింది.

ఈలోగా కుడి మోకాలూ అరిగిపోయింది. డాక్టరు తేదీ ఇస్తానంటాడు, ఈమె పుచ్చుకోదు.

"ఎడమ మోకాలి మొక్కు తీరనే లేదు. కుడి మోకాలి సంగతి ఏ మొహం పెట్టుకొని అడగమంటారు?" అనేది.

"స్వామి అంత పట్టింపు మనిషి కాడోయ్" అన్నాను ఒకనాడు.

"ఆయన కాడు. నేను" అన్నది.

ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి మందుల విభాగంలో మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన మనిషి. ఒకటి తక్కువైనా సీసా మూత పెట్టేది కాదు. మేడమెట్లు ఎక్కేటప్పుడు ఆ కుడికాలిని మెట్టుకొకసారి చేత్తో ఎత్తి పెట్టుకొనేది. నేను వెనక నిలబడి చూసేవాణ్ణి. అందుచేత ఆ మొక్కు తీరడం మా ఇంట్లో కేవలం భక్తి విషయం కాదు.

ఇక నా సంగతి. ఆంధ్రదేశంలో విద్వాన్ పరీక్ష ప్యాసై, విధివశాత్తు ఇక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భారతీయ భాషల పుస్తకాలకు వర్గీకరణ చీట్లు రాస్తూ ఉద్యోగం ముగించినవాణ్ణి. ఆదివారాలు ఆలయంలో పురాణ ప్రవచనం చేస్తాను. ధర్మసందేహం కలిగినవారు నన్ను అడుగుతారు. కలగనివారికి నేనే కలిగిస్తానని మా మిత్రుడంటాడు. ఆయన కార్ల బ్రేకులు రూపొందించడంలో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకొంటున్న ఇంజనీరు. నా భార్యను చెల్లెమ్మా అంటాడు. నన్ను గురువుగారూ అంటాడు గాని, ఆ పిలుపులో ఉన్నంత వినయం మరెక్కడా చూపించడు.

ఆ జూన్ మాసంలో ఆయన పొడవాటి కర్రకు చక్రం తగిలించి ఉన్న కొలత పరికరం ఒకటి ఆలయానికి తెచ్చి, అర్చకులు వింతగా చూస్తుండగా నడవ అంతా దొర్లించాడు. తరువాత నా పక్కన కూర్చొని చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"గురువుగారూ, రౌండ్‌కి నాలుగు వందల అడుగులు. నూట ఎనిమిదితో మల్టిప్లై చేస్తే నలభై మూడు వేల రెండు వందలు. అంటే ఎనిమిది మైళ్ల చిల్లర. మాకినా ఐలండ్ రోడ్ కూడా ఎగ్జాక్ట్‌గా అంతే. కార్నర్స్ లేవు, కార్లు లేవు, గ్రానైట్ లేదు. చెల్లెమ్మ సైకిల్ మీద ఒక్క రౌండ్ కొడితే మొక్కు క్లోజ్."

నలభై మూడు వేల రెండు వందలు అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కలియుగ ప్రమాణం నాలుగు లక్షల ముప్ఫైరెండు వేల సంవత్సరాలు. అందులో సరిగ్గా పదోవంతు, అడుగుల రూపంలో, మా ఆలయ నడవలోనూ హ్యూరన్ సరస్సు ఒడ్డునా ఏకకాలంలో ప్రత్యక్షమైంది. ఇటువంటి సంఖ్య ఎదురైన తరువాత పండితుడనేవాడు ఇక ఆలోచించడు. అక్కడికక్కడే వ్యవస్థ చెప్పాను. కాలినడకనని మొక్కలేదు గనుక చక్రం దోషం కాదు. మోకాలి కోసం మొక్కినదాన్ని మోకాలితోనే తొక్కి తీర్చడం పరమ ఔచిత్యం. ద్వీపం కుడిచేతి వైపున ఉండేట్లు తిరిగితే చాలు.

ఇంటికి వచ్చి ఇదంతా సభాగాంభీర్యంతో వినిపించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

"అంతా బాగుందండీ. ఇంతకీ నేను దేని చుట్టూ తిరుగుతున్నట్టు?"

నేను పంచాంగం తిరగేశాను.

"మధ్యలో దేవుడు లేకపోతే అది ప్రదక్షిణ కాదు, పిక్నిక్" అన్నది.

అప్పుడు మా పూజామందిరంలోని ఇత్తడి ఆంజనేయుడు జ్ఞాపకం వచ్చాడు. నాలుగంగుళాల మూర్తి. మా అత్తగారు కాపురానికి పంపుతూ కూతురి చేతిలో పెట్టిన స్వామి. ఆయనను ద్వీపం మధ్యలో ఉంచి, ఈమె ద్వీపాన్ని చుట్టి వస్తే లోపమేమీ ఉండదు. అయితే స్వామిని ఒంటరిగా ఉంచరాదు. ఎవరో ఒకరు ఒడిలో పెట్టుకొని కూర్చోవాలి. మా మిత్రుడు చెల్లెమ్మకు తోడుగా సైకిలు మీద వెళ్లాలి. మిగిలింది నేను.

"కూర్చోవడమే కదా పని. మీకు నప్పుతుంది. కదలకుండా ఉండగలరా?" అన్నది.

"అచలుణ్ణై ఉంటాను."

ఈ సంభాషణ ఫోనులో విన్న మా మిత్రుడు, "ఆ విషయంలో భయం లేదు చెల్లెమ్మా. గురువుగారు ప్రవచనానికి కూర్చుంటే ఆయన కదలరు, జనమే కదిలి వెళ్తారు" అన్నాడు.

శుక్రవారం సాయంత్రానికే కారులో రేవు చేరి, ఒక మోటెల్‌లో రాత్రి గడిపి, ఏకాదశి ఉదయాన ఫెర్రీ ఎక్కాము. ఏకాదశి గనుక నేనూ ఆమే పండ్లు, పాలు మాత్రమే పుచ్చుకొన్నాము. మా మిత్రుడు మోటెల్ వారి ఉచితోపాహారాన్ని ముగ్గురి తరఫునా సేవించాడు. స్వామిని పట్టుగుడ్డలో చుట్టి, మూత బిగువుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సంచిలో పెట్టి, సంచిని నా మెడకు తగిలించింది ఆమె. పై అంతస్తులో కూర్చున్నాము. ఓడ వెనక నీరు నెమలిపింఛంలా లేచి పడుతున్నది. పడమట రెండు గోపురాల పెద్ద వంతెన పొగమంచులో సగం మునిగి ఉంది.

ఇరవై నిమిషాల్లో ద్వీపం. దిగగానే మొదట ఎదురుపడింది గుర్రాల వాసన, వెంటనే దాన్ని ఓడిస్తూ పాలు మరిగే వాసన. అక్కడ వీధి పొడుగునా ఫడ్జ్ అనే మిఠాయి వండుతారు. పాలు, వెన్న, చక్కెర. మన పాలకోవాకు దూరపు చుట్టం. చలువరాతి బల్లల మీద కరిగిన ముద్దను పోసి, పారల వంటి గరిటెలతో తిప్పుతూ, ఆ వాసనను ఫ్యాన్లతో వీధిలోకి వదులుతారు. ఉపవాసమున్నవాడి మీద ఇంతకంటె క్రూరమైన అస్త్రం నేనెరుగను.

మా మిత్రుడు మాత్రం నడివీధిలో నిలబడి చుట్టూ చూశాడు.

"ముప్ఫై ఏళ్లు బ్రేకులు చేశాను గురువుగారూ. ఇక్కడ నా అవసరం ఒక్కడికి కూడా లేదు" అన్నాడు. అదే సమయానికి ఒక గుర్రం ఆయన ముందు ఆగింది. "చూశారా, దీనికి బిల్టిన్" అన్నాడు.

వీధికి నీటి వైపునున్న అద్దె దుకాణంలో పెద్దవారి కోసం మూడు చక్రాల సైకిళ్లు ఉంటాయని ముందే విచారించి ఉంచాము. ఆమెకు ఎర్రరంగుది దొరికింది. వెనక రెండు చక్రాల మధ్య బుట్ట. అందులో అరటిపండ్లు, నీళ్లు, మోకాలికి చుట్టుకొనే మంచుసంచి. దుకాణదారుడు, చాలామంది దుకాణం నుంచి కుడివైపుగా వెళ్తారని, దృశ్యాలు అటునుంచి బాగుంటాయని చెప్పాడు. ఆమె మర్యాదగా విని ఎడమవైపుకు తిప్పింది. అటు వెళ్తేనే ద్వీపం కుడిచేతికి వస్తుంది. చీర కుచ్చెళ్లు చక్రంలో పడకుండా లోపల పైజమా తొడుక్కొని, పైన మోకాళ్ల దాకా ఎత్తి బిగించింది. నుదుట కుంకుమ, తల మీద హెల్మెట్. పది గంటలకు స్వామికి నమస్కరించి, నా వంక చూసి "కదలకండి" అని మరొకసారి చెప్పి, తొక్కడం మొదలుపెట్టింది. మా మిత్రుడు సైకిలు పిడికి మైళ్లు చూపే చిన్న యంత్రం బిగించుకొని, చేతిలో పుస్తకంతో వెనక నడిచాడు. నడిచాడనే రాస్తున్నాను. ఆమె వేగానికి సైకిలు ఎక్కితే పడిపోతాడు.

నేను గుర్రపు టాక్సీ ఎక్కి, ద్వీపానికి సరిగ్గా మధ్యభాగానికి తీసుకుపొమ్మన్నాను. బండివాడు కొంత ఆలోచించి, చెట్ల మధ్య ప్రశాంతమైన ఒకచోట దింపి వెళ్లిపోయాడు. బల్ల మీద కూర్చొని, స్వామిని ఒడిలో పెట్టుకొని, కళ్లు మూసి, తెరిచి చూస్తే చుట్టూ సమాధులు.

ఏకాదశినాడు స్వామిని శ్మశానంలో కూర్చోబెట్టడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు. లేచాను. కదలనన్న మాట తప్పింది గదా అని మనసు పీకింది. వెంటనే సమాధానం తట్టింది. మధ్యబిందువు ప్రధానం కాదు, వలయంలోపల ఉండడం ప్రధానం. గర్భగుడి కూడా ఆవరణకు సరిగ్గా మధ్యన ఉండదు. ఈ తర్కం ఎంత గట్టిదంటే, దాని బలం మీద అర మైలు కొండ దిగి పాత కోట ముందున్న పచ్చికలో కూర్చున్నాను.

అక్కడ గంటసేపు నిజంగానే బాగుంది. కింద ఊరు, ఊరి ముందు రోడ్డు, రోడ్డుకు అవతల రేవు. అయితే ప్రతి అరగంటకూ కోటలోని వారు పాతకాలపు దుస్తుల్లో వచ్చి ఫిరంగి పేలుస్తారని ఎవరూ నాకు చెప్పలేదు. రెండో పేలుడుకు స్వామి డబ్బా మూత ఎగిరి పడింది. స్వామికి ఫిరంగి భయం లేకపోవచ్చు. ఆయనను మోస్తున్నవాడికి ఉంది. మరికొంత దిగాను. ఊరి వీధిలో, కోట వైపు అరుగు మీద నీడ ఉంది. అదీ వలయంలోపలే. మనస్సాక్షిని అడిగాను, అభ్యంతరం లేదన్నది. దానికీ ఆ వాసన తగిలే ఉంటుంది.

అరుగు వెనకనే మిఠాయి దుకాణం. ఏకాదశికి ధాన్యం నిషిద్ధం గాని పాలు, చక్కెర నిషిద్ధం కాదు. అయినా నేను జాగ్రత్త గలవాణ్ణి. లోపలికి వెళ్లి, ఇందులో ఏమేమి కలుపుతారో చెప్పమని అక్కడి అమ్మాయిని అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. పాలు, వెన్న, చక్కెర, ఇంకా మార్ష్‌మెలో. మార్ష్‌మెలోలో ఏముంటుంది? జెలటిన్. జెలటిన్ దేనితో చేస్తారు? ఆ అమ్మాయి చెప్పింది. నేను రెండడుగులు వెనక్కు వేశాను.

"అది వద్దనుకొంటే ఎదుటి దుకాణంలో అడగండి. వాళ్లు పాలు, వెన్న, చక్కెర తప్ప ఏమీ వెయ్యరు" అన్నది పాపం.

ఎముకల పొడి కడుపులో పడకుండా స్వామి సకాలంలో కాపాడాడని మురిసిపోతూ ఎదుటి దుకాణానికి బయలుదేరాను. వీధి నిండా గుర్రాలు విడిచిన ఆనవాళ్లు. స్వామిని మోస్తున్న పాదం అశుచి తొక్కకూడదు. తల వంచి, ఒక్కొక్క అడుగూ చూసి వేస్తూ, ఎంతో నిష్ఠగా వీధి దాటాను. క్యూలో తొమ్మిది నిమిషాలు నిలబడి అర పౌను కొన్నాను. ఒక ముక్క స్వామికి చూపి, కళ్లకద్దుకొని నోట్లో వేసుకొన్నాను. దానిని వర్ణించను. దుకాణం పక్కనున్న బల్ల మీద, నీటిగాలి వీపుకు తగులుతుండగా, వచ్చే దంపతులకు పోయే దంపతులకు చిరునవ్వులు పంచుతూ వాళ్లు వచ్చేదాకా కూర్చున్నాను.

ఒంటిగంటకు పదినిమిషాల ముందు వీధి మలుపులో ఎర్ర సైకిలు కనబడింది. ఆమె ముఖం కందిపోయి ఉంది. ఎంత వెలుగుతున్నదంటే, పెళ్లినాటి తరువాత అటువంటి వెలుగు నేను చూసినట్టు జ్ఞాపకం లేదు. నేను లేచి, స్వామిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకొన్నాను. ఆమె నవ్వింది. ఇంకా దగ్గరకు వచ్చింది. ఆ నవ్వు మెల్లగా తగ్గి, పూర్తిగా పోయింది. సైకిలు ఆపి, దిగకుండానే అడిగింది.

"ఏమండీ, మీ వెనకాల ఏముంది?"

తిరిగి చూశాను. "సరస్సు" అన్నాను.

"మీ ముందర?"

ముందర రోడ్డు ఉంది. రోడ్డు మీద ఆమె ఉంది. ద్వీపమంతా ఆమెకు అవతల, ఆమె కుడిచేతి వైపున, పచ్చగా, విశాలంగా, దేవుడు లేకుండా ఉంది. ఆ ద్వీపాన్ని చుట్టే రోడ్డు ఊళ్లోకి వచ్చేసరికి ఊరి వీధి అవుతుంది. నేను దాటిన వీధి అదే.

ఆమె దిగింది. సైకిలును పక్కకు తోసి, బల్ల మీద కూర్చొని, కుడి మోకాలి మీద రెండు చేతులూ వేసుకొని నీటి వైపు చూసింది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. మొక్కు ఒకే దినంలో తీరాలి. మరొక్క మైలు కూడా ఆమె తొక్కలేదు. వ్యాయామం నేర్పే అమ్మాయి పెట్టిన హద్దు ఆ ఎనిమిది మైళ్లతోనే సరి.

మా మిత్రుడు మాత్రం ఎంతో ఉత్సాహంగా పుస్తకం తెరిచాడు. జీవితంలో ఎన్నో ప్రమాదాల మీద విచారణ జరిపినవాడు.

"గురువుగారూ, ఫడ్జ్ రిసీట్ ఇలా ఇవ్వండి. పన్నెండూ పధ్నాలుగు. క్యూలో ఎంతసేపున్నారు?"

"తొమ్మిది నిమిషాలు."

"అంటే రోడ్ క్రాస్ చేసింది పన్నెండూ అయిదుకి. చెల్లెమ్మ ఆరో మైలు టచ్ చేసింది కూడా కరెక్ట్‌గా పన్నెండూ అయిదుకే. కాబట్టి ఆరు మైళ్లు వ్యాలిడ్. లాస్ట్ రెండు మైళ్లు, సారీ టు సే, స్వామి బయట ఉన్నారు. పెండింగ్."

"రెండు మైళ్లేనా?" అన్నదామె. గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. నా వైపు తిరిగింది. "పోయిన ఆదివారం ప్రవచనంలో ఏం చెప్పారు మీరు? భర్త చేసిన పుణ్యంలో భార్యకు సగం వస్తుందని కదా?"

"చెప్పాను" అన్నాను. ప్రవచనం ఎవరైనా వింటున్నారని తెలిస్తే కలిగే సంతోషం ఆ క్షణంలో ఎందుకో కలగలేదు.

"పాపంలో?"

"పాపంలో భాగం లేదు."

"అయితే ఆ ఫడ్జ్ పాపం పూర్తిగా మీదే. ఇక నాకు రావలసింది రెండు మైళ్లు. మీరు తొక్కండి. సగం నాకొస్తుంది."

"సగం అంటే ఫోర్ తొక్కాలి చెల్లెమ్మా" అన్నాడు మా మిత్రుడు. "రెండు తొక్కితే నీకు ఒకటే."

"నాలుగు" అన్నదామె.

బ్రహ్మచారిగా ఉన్నప్పుడు కూడా సైకిలు తొక్కి ఎరుగనని మనవి చేశాను. మూడు చక్రాలది పడదని ఇద్దరూ ఏకకంఠంతో చెప్పారు. నాలుగు మైళ్లంటే రెండు వెళ్లి రెండు వస్తానన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ద్వీపం ఎడమవైపుకు పడుతుంది, వెళ్లినది కాస్తా రద్దవుతుంది అన్నదామె. ఇదీ నేనే చెప్పానట, ఏ ఆదివారమో. అయితే నాలుగు మైళ్లు వెళ్లి అక్కడే ఆగిపోతానన్నాను.

"నాలుగో మైలు దగ్గర ద్వీపానికి అవతలి ఒడ్డులో ఉంటారు గురువుగారూ. అక్కణ్ణుంచి సరైన డైరెక్షన్‌లో ఇంటికి రావాలంటే ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది." ఆయన పుస్తకం మూసి, హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టాడు. "బ్రేక్స్ చెక్ చేశాను. ఫస్ట్ క్లాస్‌గా ఉన్నాయి. మీకు వాటితో పని పడదనుకోండి."

ఆమె స్వామిని నా చేతిలోంచి తీసుకొని, వీధి దాటి, కోట ముందున్న పచ్చికకు వెళ్లింది. వెళ్తూ ఫడ్జ్ పొట్లం కూడా తీసుకొన్నది. పాపంలో భాగం లేదు గాని పొట్లంలో ఉన్నదని వివరించింది.

రెండు గంటలకు, మా మిత్రుడు తన సైకిలుతో వెంట రాగా, బయలుదేరాను. పంచె పైకి కట్టి, అరవై తొమ్మిదో ఏట మొదటిసారి పెడళ్ల మీద పాదాలు పెట్టిన నన్ను చూసి గుర్రాలు కూడా పక్కకు తొలిగాయి. లోకమంతా కుడివైపుగా తిరుగుతున్నది గనుక ఎదురుపడినవారందరూ పలకరించారు. వెనకనుంచి వచ్చినవారందరూ దాటిపోయారు. తల్లి సైకిలుకు తోకలా తగిలించిన చిన్న బండిలో కూర్చున్న ఒక పసిబిడ్డ నన్ను దాటిపోతూ చెయ్యి ఊపింది. మూడో మైలు దాకా అష్టోత్తరం చదివాను. నాలుగో మైలు దగ్గర నామాలు వరుస తప్పాయి. అయిదో మైలు దగ్గర ఒక్క నామమే మిగిలింది. అదీ శ్వాసకొక అక్షరం చొప్పున.

ఆరో మైలు దగ్గర మా మిత్రుడు, "ఇక్కడే గురువుగారూ" అన్నాడు. దిగి, రోడ్డును తాకి కళ్లకద్దుకొన్నాను. అక్కడినుంచి చివరిదాకా ఏమీ చదవలేదు. ఆ రెండు మైళ్లూ మా ఇంటి మేడమెట్లు, మెట్టుకొకసారి చేత్తో ఎత్తి పెట్టుకొనే ఆ కాలు, ఇవే కనబడ్డాయి. ఎన్నో ఏళ్లు ఎన్నో ఆలయాల్లో ఎంతో శాస్త్రోక్తంగా తిరిగాను గాని, ఎవరి కోసం తిరుగుతున్నానో ఇంత స్పష్టంగా తెలిసి తిరిగింది అదే మొదలు.

అయిదూ ఇరవైకి ఊరి వీధి చేరాను. పచ్చికలో ఆమె నేను వదిలి వెళ్లినప్పటి భంగిమలోనే ఉంది. ఒడిలో స్వామి. కోటవారు ఏడుసార్లు ఫిరంగి పేల్చారట. కదలలేదు. పొట్లం మాత్రం ఖాళీగా ఉంది.

"ఎనిమిది తొక్కారు. నాకు నాలుగు. కావలసింది రెండే" అన్నదామె, నాకు నీళ్ల సీసా అందిస్తూ. "మిగతా రెండూ ఏం చెయ్యను?"

"కుడి మోకాలికి అడ్వాన్స్ చెల్లెమ్మా" అన్నాడు మా మిత్రుడు.

ఆమె స్వామికి నమస్కరించింది. తరువాత పట్టుగుడ్డ విప్పి స్వామిని మళ్లీ చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించింది. సంచిని ఈసారి తన మెడకే తగిలించుకొన్నది. తిరుగు ఫెర్రీలో మెట్లు ఎక్కలేక నేను కింది అంతస్తులోనే కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చొని, ఆపరేషన్ తేదీ అడగడానికి సోమవారం డాక్టరుకు ఫోను చేయమని చెప్పింది.

2009 ఆగస్టు 8వ తేదీ శనివారం ఆలయంలో స్వామికి వడమాల వేయించాము. ఆగస్టు 11న నా ఎడమ మోకాలికి ఎక్స్‌రే తీసి, అరుగుదల ఏమీ లేదని, అలవాటు లేని శ్రమ అని చెప్పారు. అక్టోబరు 6వ తేదీ మంగళవారం ఉదయం ఆమె కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. డిసెంబరు చివరికి మేడమెట్లు చేతి సాయం లేకుండా ఎక్కింది.